గొంతులో దాగు సెగవ్యాధి

బొబ్బిలి పేరు వినగానే 1757 నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుని కత్తి, గొల్లపల్లి వీణ తలపునకు వచ్చును. వీరుల కథలను ఊరూర పాడిరి. రోగముల కథలను పాడువారు లేరు. అందులోను సెగవ్యాధి నలుగురిలో నోరు విప్పి చెప్పుకొనునది కాదు. అయితే ఆ మౌనమే యీ వ్యాధికి పెట్టనికోట యైనదని చరిత్ర చెప్పుచున్నది.

రెండవ శతాబ్దిలో గాలెను అను గ్రీకు వైద్యుడు చీమును బీజస్రావమని భ్రమించి, దీనికి గనోరియా యని పేరు పెట్టెను. భ్రమ తొలగినను పేరు నిలిచినది. 1767లో జాన్ హంటరు అను స్కాట్లండు శస్త్రవైద్యుడు ఒక రోగి చీమును ఎక్కించి పరీక్షించి, సెగయు సవాయియు ఒక్కటే యని తేల్చెను. ఆ రోగికి రెండు వ్యాధులును ఉండియుండునని తరువాతివారు గ్రహించిరి. 1838లో రికార్డు అను ఫ్రెంచి వైద్యుడు అవి వేరని నిరూపించెను. 1879లో జర్మనీలో ఆల్బర్టు నైసరు, కాఫీగింజల జంటల వలె కనబడు ఆ సూక్ష్మక్రిమిని కనుగొనెను.

ఆనాడు బొబ్బిలి మదరాసు రాజధానిలోనిది. చేరువనున్న విజయనగరములో కంటోన్మెంటు అను పేట పేరు నేటికిని సైనికుల విడిదిని గుర్తుచేయుచున్నది. సిపాయిలకు సుఖవ్యాధులు సోకకుండుటకై ప్రభుత్వము 1864లో కంటోన్మెంటుల చట్టమును, పట్టణములకు 1868లో అంటురోగముల చట్టమును చేసినది. వేశ్యావృత్తిలోని స్త్రీల పేర్లు నమోదుచేసి, నిర్బంధముగా పరీక్షించి, రోగమున్నవారిని లాక్ ఆసుపత్రులలో ఉంచిరి. వారియొద్దకు వచ్చిన పురుషుని ఎవరును అడుగలేదు. అందుచే స్త్రీలు పేరు దాచుకొనిరి; రోగమును దాగినది. 1888లో 1868 నాటి చట్టము రద్దయ్యెను. శిక్షించిన చోట రోగి వైద్యుని దరికి రాడని ఆ ఇరువదియేండ్ల పాఠము.

1937లో సల్ఫా మందులు, రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెనిసిలిను వచ్చినవి. 1948లో లెడర్లీ ప్రయోగశాలనుండి ఆరియోమైసిను వెలువడెను. దానిని కనుగొన్నది డగ్గరు; అచటి పరిశోధనలకు దర్శకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ జాతి మందులు సెగవ్యాధికిని ఉపయోగపడెను. కాని క్రిమి ఒక్కొక్క మందునే జయించుచు వచ్చినది. పెనిసిలినును విరిచివేయు క్రిములు 1976లో బయటపడినవి.

ఈ పోరాటములో గొంతు ఒక రహస్యస్థావరము. నోటితో జరుగు రతివలన క్రిమి గొంతులో చేరును. పెక్కుమందికి ఏ బాధయు ఉండదు. కొందరికి మామూలు గొంతునొప్పి. చూచినంతమాత్రమున ఎంతటి వైద్యుడును గుర్తింపలేడు. గొంతులో సహజముగా నివసించు నిరపాయకరమైన దాయాది క్రిములనుండి ఇది మందులకు లొంగని గుణములను అరువు తెచ్చుకొనును. పైగా మందు అచట చక్కగా పనిచేయుట కష్టము. 2009లో జపానులోని క్యోటోలో సెఫ్ట్రియాక్సోనునకు లొంగని క్రిమి దొరికినది ఒక స్త్రీ గొంతులోనే. 2018లో ఇంగ్లండులో ఒక రోగికి మూత్రమార్గము నయమయ్యెను గాని గొంతు నయము కాలేదు. చివరకు వేరొక మందును నరములోనికి ఎక్కించి కుదిర్చిరి.

కావున చేయవలసినది స్పష్టము. అనుమానమున్నవారు సంకోచము విడిచి, గొంతును కూడ పరీక్షింపుమని వైద్యుని అడుగవలెను. దూదిపుల్లతో గొంతునుండి నమూనా తీసి పరీక్షింతురు. నేడు ముఖ్యమైన చికిత్స సెఫ్ట్రియాక్సోను సూదిమందు. దాని మోతాదు వైద్యుడు నిర్ణయించును. ఉప్పునీటి పుక్కిలింతతో ఉపశమనమే గాని క్రిమి పోదు. అంగడిలో అడిగి తెచ్చుకొన్న బిళ్లలు క్రిమికి కసరత్తు నేర్పును. జతవారికిని చికిత్స జరుగవలెను. ముగిసిన పిదప ఏడు దినములు ఎడముగా ఉండవలెను. గొంతు నిజముగా శుద్ధియైనదో లేదో ఒకటి రెండు వారములకు మరల పరీక్షింప వలెను.

బొబ్బిలి ప్రాంతమువారికి విశాఖపట్టణమున 1923 నాటి కింగు జార్జి ఆసుపత్రి కలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో సుఖవ్యాధులకై సురక్ష క్లినిక్కులు వెలసినవి. అచట రోగిని నేరస్థునిగా చూడరాదను నియమము కలదు. 1868 నాటి పద్ధతికిని దీనికిని ఉన్న అంతరమదియే. రోగము సిగ్గుపడవలసినది కాదు, కుదుర్చుకొనవలసినది.