సర్వర్‌లో మెమరీ నిండిపోతే ఏం చేయాలి?

ఫలితాల రోజు అందరూ ఒకేసారి సైటు తెరిస్తే సాయంత్రం సిల్క్ బోర్డ్ సిగ్నల్ పరిస్థితే. సర్వర్ ర్యామ్ నిండిపోతే, మిగతావి నడవాలని లినక్స్ ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రామును ఆపేస్తుంది. చాలాసార్లు అది డేటాబేసే.

విద్యార్థులకు: వెంటనే రీస్టార్ట్ చేయకండి, కారణం దొరకదు.
1. 'ఫ్రీ' కమాండ్‌లో 'అవైలబుల్' అంకె చూడండి.
2. 'టాప్'లో ఏ ప్రోగ్రాము ఎక్కువ తింటోందో గమనించండి.
3. లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న వరుస వెతికి రాసిపెట్టుకోండి.
4. వెబ్ ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించండి. ఒక్కోటి 100 ఎంబీ తీసుకుంటే 2 జీబీలో 20 కూడా పట్టవు. డేటాబేస్‌కూ చోటుండాలి కదా!

తల్లిదండ్రులకు: పేజీ రాకపోతే రిఫ్రెష్ కొడుతూ ఉండకండి. నొక్కిన ప్రతిసారీ సర్వర్‌కు ఇంకో పని పడుతుంది. పది నిమిషాలు ఆగి చూడండి. మార్కులు డిస్క్‌లో ఉంటాయి, ర్యామ్ నిండినంత మాత్రాన చెరిగిపోవు.