జల్, జంగల్, జమీన్‌లో మొదటి మాట: పెరటి చేపల కుంట చెప్పే చరిత్ర



శివరాత్రి దాటింది. ఇప్ప చెట్లు ఆకు రాలుస్తున్నయ్. ఇంటి వెనక చిన్న కుంట ఉన్నోళ్లు దాన్ని బాగు చేసుకోవాల్సిన రోజులివి. అందుకే ఈసారి చేపల కుంట గురించి రాస్తున్నాం. చరిత్ర పోస్టులో చేపలేంది అనుకోకండి. చివరిదాకా చదివితే మీకే అర్థమైతది.

ముందు మేం చేసిన తప్పు చెప్తాం. పోయిన ఏడాది మాలో ఒకరి పెరట్లో, రెండు గుంటల కుంటలో వంద చేపపిల్లలు వేసినం. ఎండాకాలంలో కుంటను ఎండబెట్టలేదు, పాత నీళ్లలోనే వదిలినం. దీపావళికి వల వేస్తే దొరికినవి పది పన్నెండు. వాటితోపాటు బలిసిన కొర్రమీనులు నాలుగు. మన పిల్లల్ని మింగి కూర్చున్నది అవే! అప్పుడు చేపల పెంపకం పుస్తకం తీసి చదివినం. ఎండని కుంటలో పాత చేపల్ని తీసెయ్యాలంటే ఇప్ప చెక్క వెయ్యాలని అందులో ఉంది. ఇంట్లో చదివి వినిపిస్తే అక్కడ కూచున్న అవ్వ ఒకటే నవ్వు. ఆ సంగతి తెలుసుకోవడానికి ఇంత చదువు చదవాల్నా అని.

అవ్వ నవ్వులో చాలా చరిత్ర ఉంది.

మనలో గోండీ మాట్లాడేవాళ్లు నీళ్లను ఏర్ అంటారు, చేపను మీన్ అంటారు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. అడవిలో బతికినోళ్లకు వాగే చెరువు, వాగే అంగడి. ఎండాకాలం వాగు పారుడు ఆగి మడుగులుగా మిగిలినప్పుడు మంగకాయలాంటివి దంచి నీళ్లలో కలిపేవాళ్లు. మత్తెక్కిన చేపలు పైకి తేలితే ఊరంతా కలిసి ఏరుకునేది. ఏ కాయ, ఎంత, ఏ మడుగులో అన్నది పెద్దలకు తెలుసు. ఇప్ప చెక్కలో కూడా ఇట్లాంటి గుణమే ఉంది. దాంట్లోని సపోనిన్ అనే పదార్థం చేప మొప్పల మీద పనిచేసి, నీళ్లలోని గాలి అందకుండా చేస్తది.

ఇప్పుడు చట్టాల సంగతి చూద్దాం. 1882 మద్రాసు అటవీ చట్టం, రిజర్వు అడవిలో సర్కారు నియమాలకు విరుద్ధంగా వేటాడడం, చేపలు పట్టడం, నీళ్లలో మందు కలపడం, ఉచ్చులు పెట్టడం అన్నిటినీ ఒకే వరుసలో నేరాలుగా రాసింది. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీళ్లలో మందు కలిపి చేపల్ని చంపితే రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా అన్నది. ఆ కాలంలో 200 రూపాయలంటే ఒక కూలి ఇల్లు ఎన్నేళ్లు కష్టపడాల్నో లెక్క వేసుకోండి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలె. పారే నీళ్లలో మందు వేస్తే చిన్న పిల్లలు, గుడ్లు అన్నీ పోతయ్. ఆ నిషేధంలో అర్థం ఉంది. ఇయ్యాల కూడా వాగులో ఏ మందూ వెయ్యొద్దు, పురుగుమందు అసలే వెయ్యొద్దు. కానీ అటవీ చట్టం మందుతో ఆగలేదు. గాలంతో, బుట్టతో చేప పట్టుకునే మామూలు బతుకును కూడా అదే వరుసలోకి తెచ్చి, ఎవరో ఇచ్చే అనుమతి మీద ఆధారపడేటట్టు చేసింది. స్వాతంత్ర్యం వచ్చినంక మత్స్యశాఖల పుస్తకాల్లో ఇప్ప చెక్క శాస్త్రంగా కనబడ్డది. మంచిదే. కానీ ఈ గుణం అడవిలో ముందే తెలుసన్న ముక్క ఆ పుస్తకాల్లో మాకు కనబడలేదు.

చేపపిల్లలకూ ఒక చరిత్ర ఉంది. బొచ్చె, రోహు, మోసు నిలిచిన నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. వానాకాలం వరదల్లో, నదిలోనే పెడతయ్. అందుకే ఒకప్పుడు నదుల్లో పిల్లల్ని పట్టి, మట్టికుండల్లో పెట్టి రైళ్ల మీద దూరాలకు పంపేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఆ రకం చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి, గుడ్లు పెట్టించడంలో గెలిచారు. జూలై 10ని మన దేశంలో మత్స్య రైతుల దినంగా జరిపేది అందుకే. నదికి దూరంగా ఉన్న గూడెంలోని కుంటకు కూడా ఇయ్యాల పిల్లలు అందుతున్నయంటే ఆ పని పుణ్యమే.

ఇక ఈ ఏడాది మనం చేసుకోవాల్సిన పని. లెక్క రెండు గుంటల కుంటకు.

ఒకటి. నీళ్లు తగ్గంగనే కుంటను పూర్తిగా ఎండనియ్యండి. నేల బీటలు వారాలె, కాలు దిగబడొద్దు. పాత చేపలు, పురుగులు దాంతోనే పోతయ్. పైన పేరుకున్న నల్లమట్టిని తీసి చేనుకు వెయ్యండి, అది బంగారం.

రెండు. ఊట ఉండి ఎండని కుంటకే ఇప్ప చెక్క. మోకాలు లోతు నీళ్లుంటే సుమారు 25 కిలోలు. రాత్రి నానబెట్టి, ఎండకాసే రోజు కుంటంతా సమంగా చల్లాలె. తేలిన చేపల్ని వలతో తీసెయ్యండి. తర్వాత మూడు వారాలు ఆగాలె, తొందరపడితే కొత్త పిల్లలు కూడా చస్తయ్. మెల్లగా ఆ చెక్కే కుళ్లి ఎరువైతది. ఆ నీళ్లను మాత్రం వాగులోకి వదలొద్దు.

మూడు. సున్నం 5 నుంచి 10 కిలోలు. మట్టి పులుపును బట్టి ఎక్కువ తక్కువ. వారం తర్వాత పశువుల పేడ 100 కిలోలు. చెక్క వేసిన కుంటకు పేడ తగ్గించుకోవచ్చు.

నాలుగు. వానలకు నీళ్లు వచ్చే దారిలో సన్న జాలి కట్టండి. మేం పోయినసారి ఇది కూడా మరిచినం. నీళ్లు లేత ఆకుపచ్చగా మారినంక మోచేయి దాకా చెయ్యి ముంచి చూడండి. మోచేయి మునిగేసరికి అరచెయ్యి కనబడకుండా పోతే మేత సరిపోయిందని గుర్తు. అప్పుడు వేలెడు పొడవు పిల్లలు వంద, మూడు రకాలూ కలిపి వదలండి. బొచ్చె పైన, రోహు నడుమ, మోసు అడుగున తింటది. ఒకదాని కూటికి ఇంకొకటి అడ్డం రాదు.

ఇది పెరటి కుంట మాట. మరి ఊరి కుంట? వాగు మడుగు? అసలు ప్రశ్న ఇక్కడుంది.

1996లో వచ్చిన పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పజెప్పాలన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1998లో చట్టం, 2011లో నియమాలు వచ్చినయ్. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) ఇంకా సూటిగా చెప్పింది. నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఉందని. 1882లో నేరాల వరుసలో కూచోబెట్టిన పనిని 124 ఏళ్ల తర్వాత చట్టమే హక్కు అని రాసింది. సామూహిక హక్కుల కోసం పెట్టే ఫారం-బిలో చేపలు, నీటి వనరులు అని రాసుకోవడానికి చోటు కూడా ఉంది.

కానీ మన ఊళ్లలో ఏం జరిగింది? పోడు పట్టా కోసం ఫారం-ఎ పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినం. అది తిరగాల్సిందే, భూమి లేకుంటే బతుకు లేదు. ఫారం-బి మాత్రం మాకు తెలిసిన చాలా గూడేల్లో ఎవరూ నింపలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చిన పోరాటాన్ని మనం జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటల్లో తలుచుకుంటం. అందులో మొదటి మాట నీళ్లు. జమీన్ కోసం దరఖాస్తు పెట్టినం, జంగల్ కోసం కొట్లాడినం. జల్ కోసం కాగితం మీద ఒక్క గీత గీసినమా?

ఈ సెలవుల్లో ఇంటికి పోయినోళ్లు మూడు పనులు చెయ్యండి. మీ ఊరి హద్దులో ఎన్ని కుంటలు, మడుగులు ఉన్నయో పేర్లతో రాయండి. ఏ మడుగులో ఎవరు, ఏ నెలలో, ఎట్ల చేపలు పట్టేవాళ్లో అవ్వతాతల్ని అడిగి రాసుకోండి. పెద్దల నోటిమాటను కూడా రాసి పెడితే హక్కు దరఖాస్తుకు ఆధారం కింద తీసుకుంటరు. మూడోది, అటవీ హక్కుల కమిటీని, గ్రామసభను ఫారం-బి గురించి అడగండి.

మా కుంట ఇప్పటికే బీటలు వారుతున్నది. నల్లమట్టి తీసుడు మొదలుపెట్టినం. అవ్వ గట్టు మీద కూచుని చూస్తున్నది. ఈసారి ఆమెను ముందే అడిగినం.

జోహార్ కొమురం భీం! జై ఆదివాసీ!