అడవిసీమ శాసనసభ్యురాలు

ములుగుసీమయందలి మేడారమున రెండేండ్లకొకమారు సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. లక్షలాది జనులు వచ్చి బెల్లమును బంగారమని పేర్కొని ఆ తల్లీకూతుండ్రకు సమర్పింతురు. కాకతీయులకు కప్పము కట్టక, వారి సేనలతో పోరి ప్రాణములొడ్డిన కోయ వీరవనితలని జనులు వారిని కొలుచుచున్నారు. స్త్రీని దేవతగా కొలుచుట మనకు క్రొత్త గాదు. ఆ స్త్రీయే మన గుమ్మమునకు వచ్చి ఓటడిగినప్పుడును, శాసనసభలో లేచి మాటాడినప్పుడును మనమామెను ఎట్లు చూచుచున్నామన్నదే ప్రశ్న. దీనికి ములుగు ప్రజలిచ్చిన యుత్తరము మా పాఠకులు తెలిసికొనదగినది.

ముందుగా దూరదేశపు వృత్తాంత మొకటి చెప్పుదుము. ఐరోపాఖండమున స్త్రీలకు ఓటుహక్కును, శాసనసభకు నిలుచు హక్కును మొట్టమొదట నొసగిన దేశము ఫిన్లాండు. అచ్చట 1906లో శాసనము పుట్టినది. మరుసటి యేడు జరిగిన యెన్నికలలో 200 స్థానములకు 19 మంది స్త్రీలు ఎన్నికైరి. వారిలో మీనా సిల్లన్పా యనునామె 1866లో పేదయింట పుట్టి, పండ్రెండవయేటనే మిల్లులో కూలికి చేరి, పిమ్మట పరులయిండ్లలో పనిమనిషియై బ్రదికినది. అట్టి స్త్రీ పలుమారు లెన్నికై, మొత్తము 38 ఏండ్లు ఆ సభలో కూర్చుండెను. 1926లో ఆ దేశమునకు తొలి మహిళామంత్రి యయ్యెను. పనిమనుషుల కష్టమును గూర్చి ఆమె సభలో చెప్పిన మాట పరులు చెప్పగా విన్నది గాదు, స్వయముగా అనుభవించినది. ప్రజాప్రతినిధి యను పదమునకు నిజమైన యర్థమిదియే యని మా తలంపు.

ఇక మన ములుగునకు వత్తము. దనసరి అనసూయ 1971లో ములుగు మండలమందలి జగ్గన్నపేటలో కోయకుటుంబమున జన్మించెను. ఇరువదేండ్లు నిండకమునుపే ఇల్లు విడిచి జనశక్తి నక్సలైటు దళమున చేరెను. సీతక్క యను పేరు ఆ యడవిలో వచ్చినదే. ఆయుధముతో ప్రజలకు మేలు కలుగునను నమ్మకము సడలగా, 1990వ దశకమున దళమును వీడి జనజీవనమునకు మరలెను. అటుపిమ్మట ఆమె చేసిన పనియే మాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది: ఆమె చదువునకు మరలెను. న్యాయశాస్త్రము చదివి వరంగల్లు న్యాయస్థానమున వకీలుగా నిలిచెను.

షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడిన ములుగు స్థానమునకు 2004లో తెలుగుదేశము పక్షమున పోటీచేసి ఓడెను. 2009లో గెలిచెను, 2014లో మరల ఓడెను. 2017లో కాంగ్రెసున చేరి, 2018లోను, 2023లోను గెలిచెను. పక్షము మారుటను కొంద రాక్షేపింపవచ్చును. అది విచారింపదగిన విషయమే. కాని రెండుమారు లోడియు ఓటు మార్గమును విడువకుండుట, ఒకనాడు తుపాకిని నమ్మిన వ్యక్తి విషయమున, చిన్న సంగతి గాదు. 2020లో కరోనా వ్యాధి కారణముగ దేశమంతయు స్తంభించినప్పుడు ఆమె బియ్యము, కూరగాయలు మూటగట్టించి, వాగులు దాటి, గూడెములకు కాలినడకను చేర్చెను. దారిలేని యూళ్లకు దారి యెరిగిన ప్రతినిధి యుండుట యన నిదియే.

శాసనసభ్యురాలై యుండియే ఆమె పరిశోధనకు పూనుకొని, 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమున డాక్టరు పట్టమొందెను. ఆమె ఎన్నుకొన్న విషయము వరంగల్లు, ఖమ్మము జిల్లాలకు వలసవచ్చిన గొత్తికోయల దుఃస్థితి. ఛత్తీసుగఢు అడవులలోని హింసకు వెరచి వచ్చినవారు వీరిలో పెక్కురు. ఒక రాష్ట్రమున షెడ్యూల్డు తెగవారైనంతమాత్రమున వేరొక రాష్ట్రమున ఆ హక్కు లభింపదు. కావున వలసవచ్చినవారికి దున్నుకొను నేలపై హక్కుగాని, పిల్లల చదువునకు వలయు ధ్రువపత్రముగాని దొరకుట దుర్లభము. 2023 డిసెంబరు 7న ఆమె తెలంగాణ మంత్రివర్గమున చేరి, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, స్త్రీశిశుసంక్షేమ శాఖలను స్వీకరించెను. ఇన్నాళ్లు ప్రభుత్వమును ప్రశ్నించిన పరిశోధకురాలే ప్రభుత్వములో నొక భాగమయ్యెను. పీఠమెక్కినంతనే కార్యము సఫలమైనదని మేము చెప్పము. ఆ గూడెములకు కలిగిన మేలును బట్టియే చరిత్ర తీర్పు చెప్పును.

2023 ఎన్నికలలో ములుగున మరియొక విశేషము జరిగెను. సీతక్కకు ప్రధాన ప్రత్యర్థియై నిలిచిన బడే నాగజ్యోతియు గిరిజనస్త్రీయే. ఒకరు నడచిన బాటలో మరియొకరు అడుగిడుట, ఎదిరించుటకైనను సరే, శుభసూచకము.

అయినను మనము తొందరపడి సంతోషింపరాదు. ఆ యేడు తెలంగాణ శాసనసభయందలి 119 స్థానములకు ఎన్నికైన స్త్రీలు 10 మంది మాత్రమే. ఫిన్లాండులో 1907నాడే నూటికి తొమ్మిదికి పైగా నుండగా, నూటపదునారేండ్ల పిమ్మట మనకు నూటికి తొమ్మిదైనను లేరు! చట్టసభలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించు రాజ్యాంగ సవరణ 2023లోనే ఆమోదింపబడెను. కాని జనగణనయు, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిమ్మటనే అది యమలగునని దానియందే వ్రాసిరి.

శాసనము రాగలదు. దానికి తగిన స్త్రీలు ఆకాశమునుండి దిగిరారు, మన యిండ్లనుండియే రావలెను. నడుమ చదువాగిన కోడలు మరల పుస్తకము పట్టెదనన్నచో ఈ వయసున నేలయని నవ్వు ఇండ్లు నేటికిని గలవు. అడవినుండి వచ్చి న్యాయశాస్త్రము చదివి, యేబదియేండ్లు దాటినపిదప డాక్టరు పట్టమొందిన స్త్రీ మన యెదుటనే యున్నది. మేడారమున బంగారము సమర్పించి వచ్చిన చేతులతోనే మన యింటి యాడపడుచుకు పుస్తక మందిచ్చినచో, ఆ తల్లుల మ్రొక్కు నిజముగ తీరినట్లే యని మేము నమ్ముచున్నాము.