నెల్లూరు సీమకు కేంద్ర శాసనసభలో ప్రాతినిధ్యం (1953కు ముందు)

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. 1919 భారత ప్రభుత్వ చట్టంతో వచ్చిన కేంద్ర శాసనసభలో దీనికి సొంత స్థానం లేదు. గుంటూరుతో కలిపి ఒకే నియోజకవర్గం. ఆస్తి, పన్నుల అర్హత ఉన్న కొద్దిమందికే ఓటు. కౌలురైతు, కూలీ, తీరంలోని జాలరి బయటే మిగిలారు. ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. 1934 ఎన్నికల్లో ఇక్కడినుంచి గెలిచిన రైతు నాయకుడు ఎన్.జి.రంగా ఆ ఓటులేని వారి గోడును ఢిల్లీలో వినిపించారు.

1946లో రాజ్యాంగ సభకు సభ్యులను ప్రాంతీయ శాసనసభలే ఎన్నుకున్నాయి. 1950 నుంచి అదే తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసింది.

వయోజనులందరికీ ఓటు దక్కిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో నెల్లూరు లోక్‌సభ స్థానాన్ని స్వతంత్ర అభ్యర్థి బెజవాడ రామచంద్రారెడ్డి గెలుచుకున్నారు. అంతకుముందు ఆయన మద్రాసు శాసనమండలి అధ్యక్షులు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణత్యాగం చేశారు. మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైన తెలుగు సభ్యులున్న ఆ లోక్‌సభే 1953లో ఆంధ్ర రాష్ట్ర చట్టాన్ని ఆమోదించింది. అక్టోబరు 1న రాష్ట్రం అవతరించింది.