గేదె చెవిలో పన్నెండంకెలు

మొన్న ఊరెళ్ళినప్పుడు పక్కింటి పిన్నిగారి గేదె చెవికి పసుపుపచ్చ బిళ్ళ కనిపించింది. దానిమీద పన్నెండంకెలు.

“ఏం పిన్నీ, గేదెకి కమ్మలు చేయించావా?” అన్నాను.

“కమ్మలా నా మొహమా! దానికీ ఆధార్ నంబరట. పశువుల ఆసుపత్రి వాళ్ళొచ్చి గుచ్చిపోయారు. మా కాలంలో ఇలాంటి చోద్యాలున్నాయా నాయనా!”

పిన్ని కాలంలో ఏమోగాని, అంతకు చాలాముందే ఉన్నాయి.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. పశువుకి మాత్రం వాత అలంకారం కాదు, దస్తావేజు. భారతంలో ఘోషయాత్ర గుర్తుందిగా? ద్వైతవనంలో అవస్థలు పడుతున్న పాండవుల ముందు తన దర్జా చూపించాలని దుర్యోధనుడికి బుద్ధి పుట్టింది. ఆ మాట తండ్రితో అనలేడు. ఆలమందల్ని లెక్కచూసి, దూడలకు గుర్తులు వేయించి వస్తానన్నాడు. చివరికి గంధర్వులకు చిక్కి, ఆ పాండవుల చేతే విడిపించుకోబడ్డాడనుకోండి. కాని సాకు మాత్రం గట్టిది. రాజు స్వయంగా చూసుకోదగ్గ పనే అది!

పాణిని మహర్షి అయితే పశువుల చెవుల్ని వ్యాకరణంలోకే లాక్కొచ్చాడు. కర్ణ శబ్దానికి ముందు గుర్తు పేరు వస్తే అచ్చుకి దీర్ఘం వస్తుందని సూత్రం. చెవిమీద కొడవలి గుర్తుంటే ‘దాత్రాకర్ణ’. అయిదంకె, ఎనిమిదంకె, చిల్లు, చీలిక, స్వస్తికం లాంటివాటికి ఆ దీర్ఘం రాదని మినహాయింపు. పశువుల చెవులమీద ఎన్ని రకాల ముద్రలుండేవో చూడండి.

ఇక కౌటిల్యుడు. 1909లో మైసూరులో శామశాస్త్రిగారు అచ్చువేయించిన అర్థశాస్త్రంలో గోఅధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. దూడ పుట్టిన నెలా రెండు నెలల్లో ముద్ర వెయ్యాలి. తరువాత నాలుగు సంగతులు పుస్తకంలో రాయాలి: వేసిన ముద్ర, పుట్టుమచ్చ, రంగు, కొమ్ముల మధ్య ఎడం. రాజముద్రతో పశువుల్ని తారుమారు చేసినవాడికి జరిమానా.

ఆ గుర్తులన్నీ ముఖ్యంగా అడిగేది ఒక్కటే: “ఈ పశువు ఎవరిది?” ఈ కాలం ఇంకో ప్రశ్న కలిపింది: “ఎక్కడినుంచి వచ్చింది?” ఇంగ్లండులో 1986లో ఆవులకు పిచ్చిరోగం బయటపడింది. ఆ మాంసంతో మనుషులకూ ముప్పేనని 1996లో తేలాక ప్రపంచం హడలిపోయింది. ఆ ఏడు జూలై నుంచి అక్కడ పుట్టిన ప్రతి దూడకీ పాస్‌పోర్టు! మనదేశంలో 2019లో గాలికుంటు వ్యాధి నిర్మూలనకు పెద్ద పథకం మొదలయ్యాక ఈ బిళ్ళలు ఊరూరా వచ్చాయి. టీకా ఎప్పుడు వేశారో, చూలు ఎప్పుడు కట్టించారో ఆ నంబరు కిందే రాస్తారు. మంచిదే.

ఇదంతా ఓపిగ్గా విని పిన్ని అంది: “అంతా బాగానే ఉంది నాయనా. మా పాత గేదె చచ్చిపోయినప్పుడు భీమా వాళ్ళు బిళ్ళేదీ అన్నారు. కంచెకి తగులుకుని ఎప్పుడో ఊడిపోయింది. బిళ్ళ లేదు గనక డబ్బు లేదన్నారు. ఊరంతా సాక్ష్యం చెప్పినా వినలేదు. పదేళ్ళు పాలు పితికిన నాకు నా గేదె తెలీదా?”

నా దగ్గర జవాబు లేదు. కౌటిల్యుడి పుస్తకంలో ముద్ర చెరిగిపోయినా మచ్చా, రంగూ, కొమ్ములూ సాక్ష్యం చెప్పేవి. ఇప్పుడు సాక్షి ఒక్కటే, అదీ ప్లాస్టిక్కుది.

“బిళ్ళ ఊడితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళి కొత్తది వేయించి, రాయించుకో పిన్నీ” అన్నాను.

పిన్ని లేచి వెళ్ళి, గేదె చెవి మెల్లిగా తడిమి చూసుకుంది.