49 ఓవర్ల కుర్రాడు

1959 ఫిబ్రవరి. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానం. చలి ఇంకా పూర్తిగా వదల్లేదు కానీ మీరు కూర్చున్న మెట్ల మీదికి ఎండ వచ్చేసింది. వెస్టిండీస్ సిరీస్ ఎప్పుడో గెలిచేసింది. ఐదు టెస్టుల్లో మనకు హేము అధికారి నాలుగో కెప్టెన్. మన హైదరాబాద్ గులాం అహ్మద్ కూడా ఆ వరుసలో ఉన్నవాడే.

బంతి అందుకున్నవాణ్ణి చూసి మీ పక్కాయన ముందుకు వంగాడు. ఐదున్నర అడుగులైనా ఉండడు. రమాకాంత్ దేశాయ్, బొంబాయి, 19 ఏళ్లు, మొదటి టెస్టు.

ఆ చేతిని చూడండి. చూపుడు వేలు, నడివేలు కుట్టుకి చెరోపక్కా, కింద బొటనవేలు. ప్యాంటుకి రుద్దీ రుద్దీ తొడ మీద ఎర్రటి మరక. పరిగెత్తుకొచ్చి వేస్తే బంతి పిచ్ మీద పడగానే జారి ముందుకు దూసుకొస్తుంది. మధ్యలో ఒకటి హఠాత్తుగా మెడ ఎత్తుకి లేస్తుంది. అంత పొట్టివాడి నుంచి బౌన్సర్ వస్తుందని బ్యాట్స్‌మన్ అనుకోడు.

ఆ రోజుల్లో మన పేసర్‌కి అప్పజెప్పేది చిన్న పనే. నాలుగు ఓవర్లు వేసి మెరుపు పోగొట్టి, బంతిని స్పిన్నర్లకు ఇచ్చేయాలి. పిచ్‌లు కూడా అందుకు తగ్గట్టే జీవం లేకుండా ఉండేవి. ఈ కుర్రాడు మాత్రం ఆగడే! వెస్టిండీస్ బ్యాట్స్‌మెన్ హోల్ట్, స్మిత్, సాలమన్ ముగ్గురూ సెంచరీలు కొట్టారు. స్కోరు 644 దాకా పోయింది. దేశాయ్ మళ్లీ మళ్లీ రనప్ మొదటికి నడిచాడు. 49 ఓవర్లు, 169 పరుగులు, 4 వికెట్లు. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో ఇంతకు మించిన అంకెలు లేవు.

తర్వాత నాలుగు నెలలకు, 20వ పుట్టినరోజు వారంలో, లార్డ్స్‌లో 89 పరుగులకు 5 వికెట్లు. 1960లో బొంబాయిలో పాకిస్తాన్ మీద పదో నంబరులో దిగి 85. నానా జోషితో తొమ్మిదో వికెట్‌కి 149.

ఇప్పుడు 1968, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌కి రండి. హెల్మెట్లు లేని కాలం. డిక్ మోట్జ్ బంతి దవడకి తగిలి ఎముక విరిగింది. అయినా దేశాయ్ క్రీజు వదల్లేదు. న్యూజిలాండ్ 350 చేసింది, మనం 302 దగ్గర తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నాం. అవతల యువకుడు బేడీ. ఇద్దరూ కలిసి 57 జోడించారు. వెనకబడాల్సిన జట్టు 9 పరుగులు ముందుకొచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో మన స్పిన్నర్ ప్రసన్న ఆరు వికెట్లు తీశాడు. ఐదు వికెట్ల తేడాతో మన గెలుపు, విదేశీ గడ్డ మీద భారత్‌కి మొట్టమొదటి టెస్టు విజయం.

దేశాయ్‌కి అది 28వ టెస్టు. అదే ఆఖరిది కూడా.