రాతిమీది పేరు, పుస్తకములోని పేరు

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో కొత్త సంవత్సరము పేరు మన చెవిని పడుతుంది. ప్రభవ మొదలు అక్షయ వరకు గల ఆ అరువది పేర్లను ఇప్పటి పిల్లలు వల్లించుట లేదు. వానితో మనకేమి పని యని అడిగే పిల్లలకు జవాబుగా మా యింటి సంగతి ఒకటి చెప్పదలచినాను. ఆ అరువదిలో ఒక్క పేరును సరిగా లెక్కింపక పోవుటచేత మేము చాల ఏండ్లు ఒకరి సమాధి దగ్గర మరొకరి కొరకు క్రొవ్వొత్తి వెలిగించినాము.

మేము తెలుగు కథోలికులము. ఇప్పుడు చెన్నైలో కాపురమున్నా, మా పెద్దల ఊరు పాత చెంగల్పట్టు జిల్లాలోని ఒక పల్లె. జిల్లాను విడదీసిన తరువాత అది తిరువళ్లూరు జిల్లాలో చేరినది. అక్కడ మావారికి ఇంటిలో తెలుగు, వీధిలో అరవము, గుడిలో రెండును.

తెలుగు క్రైస్తవులు ఆ ప్రాంతమునకు ఎట్లు చేరిరను కథ పొడుగైనది. 18వ శతాబ్దపు ఆరంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి వైపునుండి బయలుదేరి, కర్ణాటక మిషను అను పేర పుంగనూరు, మదిగుబ్బ, కృష్ణాపురము మొదలైన చోట్లకు వచ్చినారు. తెలుగు నేర్చి తెలుగులోనే బోధించినారు. రెడ్డి, కమ్మ కుటుంబములు కొన్ని ఆ మతమును పుచ్చుకొన్నవి. తరువాత యుద్ధములు, దండ్ల రాకపోకలు, కరువులు, పాలెగాండ్ర ఒత్తిళ్లు వారిని కదలించినవి. కొందరు గుంటూరు సీమకు పోయి ఫిరంగిపురము వంటి ఊళ్లలో నిలిచినారు. కొందరు దక్షిణముగా దిగి కీళచ్చేరి వంటి అరవదేశపు పల్లెలలో స్థిరపడినారు. 1773లో పోపుగారి ఉత్తరువుతో యేసుసభ రద్దయినది. ఆపైన పారిస్ విదేశ మిషను సభవారు వచ్చి బాధ్యత వహించినా, విశాలమైన ఆ సీమకు గురువులు ఎన్నడును చాలినంత మంది లేరు. కనుక మావారి పాత కథ నోటిమాటగానే మిగిలినది. "మనవాళ్లు కరువు ఏట వచ్చినారు" అని మా నాయనమ్మ చెప్పేది. ఏ కరువో, ఏ ఏడో ఆమెకు తెలియదు.

మా పల్లె సమాధుల దొడ్డి ఊరికి తూర్పున, తాటిచెట్ల నడుమ ఉన్నది. చాల భాగము మట్టిదిబ్బలే. వానిమీద నాటిన కొయ్య సిలువలు నాలుగైదు వానలకు పుచ్చిపోతవి. రాతి సమాధులు ముప్పదికి మించవు. పాత రాళ్లమీద తెలుగు అక్షరములు, తరువాతి వానిమీద అరవము, ఈ మధ్య వేసిన వానిమీద ఇంగ్లీషు. మూడు తరములలో మా యింటిలో జరిగినదే అక్కడ రాతిమీద కనిపిస్తుంది. అందులో ఒక తెలుగు రాయి మాది. మా యింటిపేరు, రాయప్ప అను పేరు, దానిక్రింద "ధాత సం॥ తై నెల" అని మాత్రమే యున్నది. అది మా తాతగారి సమాధి యని నమ్మినాము. తాతగారి పేరు రాయప్ప. మా నాన్నగారికి రెండేండ్ల వయసున ఆయన పోయినాడు. నాయనమ్మ బిడ్డను చంకనెత్తుకొని మదరాసు చేరి, మరల ఆ ఊరికి పోలేదు. 1936-37 ధాత సంవత్సరమే కనుక లెక్క సరిపోయినదనుకొన్నాము. ప్రతి ఏడును నవంబరు 2న, మృతుల పండుగనాడు, ఆ రాయి కడిగి, సున్నము పూసి, పూలు పెట్టి వచ్చేవారము.

ఒక పండుగనాడు ఆ ఊరి ముసలి ఉపదేశి మా ప్రక్కన నిలిచి చూచినాడు. "ఏమి నాయనా, ఇది మీ తాత రాయి యనుకొంటివా? ఇది కరువునాటి రాయి. మా నాయన నన్ను ఎత్తుకొని వచ్చి చూపించేవాడు" అన్నాడు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. ధాత అరువది ఏండ్లకొకసారి వస్తుంది. 1936కు ముందటి ధాత 1876-77. అది మన పెద్దలు ధాత కరువని పిలిచిన మహాక్షామపు సంవత్సరము. ఆ రాయి చెక్కించిన వారికి ఏ ధాత యని వ్రాయనక్కరలేక పోయినది. ఆ పేరు చాలును, అందరికిని గుర్తే.

రాతి సందేహము తీర్చవలసినది గుడి పుస్తకము. కథోలిక సభలో ఈ ఏర్పాటు పాతది. జ్ఞానస్నానములను, పెండ్లిండ్లను పుస్తకమున వ్రాయు పద్ధతిని 16వ శతాబ్దమున ట్రెంటు మహాసభ అంతటను స్థిరపరచినది. 1614 నాటి రోము ఆచార గ్రంథము చావులకును వేరు పుస్తకము ఉండవలెనని విధించినది. 1983 నాటి సభాచట్టము ప్రకారము నేటికిని, ఒకరిని పాతిపెట్టిన తరువాత ఆ సంగతి మృతుల పుస్తకమున ఎక్కవలెను. మా పల్లెలో ఆనాడు గురువు నివాసము లేదు. పుస్తకము మూడు క్రోసుల దూరమున విచారణ గుడిలో ఉన్నది. ముందుగా జాబు వ్రాసి, విచారణ గురువుల అనుమతితో పోయి, వారి యెదుటనే కూర్చొని చూచినాను.

మొదట రాయప్ప అను పేరే కానరాలేదు. పుస్తకము లాటిను భాషలో ఉన్నది. మనవారి వాడుక పేర్లకు, పుస్తకపు పేర్లకు పొంతన తెలియనిదే అందులో అడుగు పెట్టలేము. రాయి యను అర్థమున పేతురు రాయప్ప అయినాడు. పౌలు అనగా లాటినులో చిన్నవాడు గనుక చిన్నప్ప అయినాడు. ఇన్యాసి పేరు ఇన్నయ్య, ఇన్నారెడ్డి. శవేరియారు పేరు శౌరి, శౌరయ్య. యోసేపు జోజప్ప, జోజిరెడ్డి. లూర్దమ్మ అను పేరు కనబడితే ఆమెకు ఆ పేరు పెట్టినది 1858కి తరువాతనే, ఏలయనగా ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రమైనది ఆ సంవత్సరపు దర్శనములతోనే. ఇవి తెలిసిన తరువాత పేత్రుస్ కొరకు వెదకినాను.

దొరికినాడు. 1877 జనవరి 27, పేత్రుస్, సుమారు 36 ఏండ్లు, మా పల్లె పేరు. సరిగా తై నెలయే. కాని నా కన్ను అక్కడ నిలువలేదు. మామూలు ఏటి చావులు ఒక పుటలో ఇమిడే పుస్తకమున ఆ చలికాలమునకే ఆరు పుటలు నిండినవి. వ్రాత తొందరది, కొన్నిచోట్ల సిరా పలుచనిది. 1876లో వానలు తప్పి మదరాసు రాజధాని ఎండిపోయినది. 1877 మొదటనే సర్ రిచర్డు టెంపుల్ కరువు పనులవారి బత్తెమును రోజుకు ఒక పౌను ధాన్యమునకు తగ్గించినాడు. అది ప్రాణము నిలుపుటకు చాలదని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించినాడు. కలరా వెంట వచ్చినది. చరిత్ర పుస్తకములలో చదివిన ఆ వాదము ఈ ఆరు పుటలలో పేర్లుగా నిలిచియున్నది.

పేత్రుస్ క్రింద పది పేర్లు దాటిన తరువాత ఫిబ్రవరిలో "ఉక్సోర్ పేత్రి", అనగా పేతురు భార్య, మరియ. ఆమె తరువాత వారమున "ఫీలియా", వారి కూతురు, 3 ఏండ్లు. ఆ తల్లికి, ఆ బిడ్డకు రాయి లేదు. జ్ఞానస్నానపు పుస్తకము తిప్పగా 1869లో వారి కొడుకు కనిపించినాడు. ఆయనే మా ముత్తాత. ఎనిమిదేండ్ల వయసున ఒంటరియై మిగిలినాడు. అతని జ్ఞానతల్లి పేరు అక్కడనే ఉన్నది. "మన ముత్తాతను జ్ఞానతల్లి సాకినది" అని నాయనమ్మ చెప్పిన ఒక్క ముక్క ఇన్నాళ్లకు చోటు దొరికించుకొన్నది. పెద్దవాడైన తరువాత తండ్రికి రాయి వేయించినది ఆయనయే కావలెను. తల్లి పేరు, చెల్లెలి పేరు చెక్కించుటకు డబ్బు చాలలేదేమో.

మావారు కరువు ఏట రాలేదు. కరువునాటికే అక్కడ ఉన్నారు, కరువులో పోయినారు. ఒక మాట మారి మూడు తరములు నడచినది. ఇక మా తాతగారు 1934 పుటలో దొరికినారు. ఆయనను మట్టిలోనే పెట్టినారు, ఆ చోటు ఇప్పుడెవరికిని తెలియదు. ఇన్నేండ్లు మేము వెలిగించిన క్రొవ్వొత్తులు ఆయన తాతకు చెందినవి. మనుమడు కోపగించుకొని యుండడు.

ఇందులో గమనింపదగినది ఒకటి యున్నది. పుస్తకమున మా యింటిపేరు లేదు, ఒట్టి పేరు, ఊరు మాత్రమే. ఇంటిపేరు రాతిమీదనే ఉన్నది. అరవదేశమున తండ్రి పేరు మొదటి అక్షరమే మన పేరుకు ముందు నిలిచి, ఇంటిపేరు క్రమముగా జారిపోతున్నది. కన్నడదేశమున ఊరి పేరు వచ్చి చేరుతున్నది. కనుక రాయి లేనిదే ఆ పేత్రుస్ మావాడని చెప్పలేము, పుస్తకము లేనిదే మరియను, ఆమె బిడ్డను ఎరుగము.

రెంటిలోను లేనివారును ఉన్నారు. జ్ఞానస్నానము లేకయే పోయిన పసికందులను పూర్వము మంత్రించిన నేలలో పెట్టనిచ్చేవారు కారు. ప్రాణము తీసుకొన్నవారికిని అదే గతి. ఇప్పటి చట్టము అంత కఠినముగా లేదు. కొన్ని ఊళ్లలో చావులోను కులము వదలలేదు, సమాధుల నడుమ గోడలు లేచినవి. ఆ గోడకు ఏ వైపున రాయి ఉన్నదో చూచినా ఒక చరిత్రయే.

మన సంఘములో అనేకులు మృతులను దహించువారు, వారికి రాయి ఉండదు. అయినను గయ, కాశి వంటి క్షేత్రములలో తీర్థపురోహితుల బహీలు ఉన్నవి. యాత్రకు పోయిన పెద్దలు అక్కడ తమ ఊరు, వంశము వ్రాయించినారు. యానాము వారికి ఫ్రెంచి ప్రభుత్వపు జనన మరణ రిజిస్టర్లు ఉన్నవి. వాని ప్రతులు ఫ్రాన్సులో ఎక్సన్ ప్రోవాన్స్ నగరపు దస్తావేజు నిలయమున భద్రముగా ఉండి, ఇప్పుడు ఇంటర్నెట్టులోను చూడదొరుకుచున్నవి.

సమాధులు వెదకబోవువారికి నాలుగు మాటలు. మృతుల పండుగనాడు పోండి, ఊరి పెద్దలందరు అక్కడనే కలుస్తారు. ప్రొద్దున ఏటవాలు వెలుతురున ఫొటో తీస్తే అరిగిన అక్షరము లేచి కనిపిస్తుంది. రాతిని నీటితో మాత్రమే కడుగండి, ఇనుప బ్రష్షు, ఆసిడు తగిలించవద్దు. మేము సున్నము పూసి పూసి ఒక పంక్తిని పూడ్చుకొన్నాము. మీ రాయి ఒక్కటియే కాక ఇరుప్రక్కల రాళ్లనుకూడ ఉన్నదున్నట్లు వ్రాసుకొనండి, వియ్యాలవారు సాధారణముగా ప్రక్కప్రక్కనే ఉందురు. సంవత్సరము పేరు కనబడితే అరువది కూడి, అరువది తీసి చూడండి.

ఇది వాయిదా వేయదగిన పని కాదు. నేల చాలక పాత గుంటలు తిరిగి త్రవ్వుచున్నారు. నేను చూచిన ఒక దొడ్డిలో రెండు తెలుగు రాళ్లు దారిలో పరచబడి, అక్షరములు క్రిందికై యున్నవి. మా పల్లెలో ఆ రాళ్లను చదువగల వారు ఇప్పుడు నలుగురే. ఆ ఉపదేశియు ఇప్పుడు అక్కడనే నిద్రించుచున్నాడు.

పోయిన నవంబరులో మా రాయి క్రింద చిన్న పలక ఒకటి వేయించినాము. దానిమీద మరియ పేరు, ఆమె కూతురి పేరు, 1877, ధాత అని రెండును తెలుగులో చెక్కించినాము. చెక్కినవాడు అరవవాడు. నా మనుమరాలు కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి ఇచ్చినది. ఆ నాలుగు పంక్తులు వ్రాయుటకే ఆ పిల్ల వేసవి సెలవులలో తెలుగు నేర్చుకొన్నది.